మధుమేహ సంరక్షణ సమన్వయంలో ఆన్‌లైన్ చికిత్సా మార్గదర్శక సాధనాలు

మధుమేహం ఉన్న ఒకే మనిషిని వేర్వేరు చోట్ల చూసే డాక్టర్లు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు ఒకే పద్ధతిలో చికిత్స చేయడానికి ఇంటర్నెట్ ద్వారా వాడుకునే సహాయాలను ఆన్‌లైన్ చికిత్సా మార్గదర్శక సాధనాలు అంటారు. షుగరు నిర్ధారణకు ఏ పరీక్ష చేయాలి, మందు ఎప్పుడు మార్చాలి, కళ్లు, మూత్రపిండాలు, పాదాలు ఎన్నాళ్లకోసారి చూడాలి, ఏ స్థితిలో ఎవరి దగ్గరికి పంపాలి, పంపిన రోగి తిరిగివచ్చాక బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలకు ఇవి డాక్టరు ముందున్న తెర మీదే జవాబిస్తాయి. వీటిలో కొన్ని చదువుకునే వెబ్ పేజీలు. కొన్ని రోగి వివరాలు తీసుకుని ఆ మనిషికి తగిన సూచన చేసే సాఫ్ట్‌వేర్లు. మరికొన్ని ఆశా కార్యకర్త చేతిలోని ట్యాబ్‌లో నడిచే యాప్‌లు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుంచి మన పశ్చిమ గోదావరి పల్లెల దాకా ఇలాంటి సాధనాలను ఇప్పటికే వాడి చూశారు. ఆ అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. సాధనం దారి చూపగలదు. రోగిని వదలకుండా పట్టించుకునే మనిషి, చేతికందే మందు, పంపిన చోట చూసే డాక్టరు ఉన్నప్పుడే ఆ దారి చివరిదాకా సాగుతుంది.

సమన్వయం ఎందుకు అవసరం

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి మధుమేహానికి ముందు దశ ఉన్నట్టు ఆ అధ్యయనం అంచనా వేసింది. ఇంతమందిని నిపుణులు మాత్రమే చూడలేరు. చాలామందికి చికిత్స ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో), ఊళ్లోని చిన్న క్లినిక్‌లలోనే జరగాలి.

షుగరు ఒక్క అవయవానికి పరిమితమయ్యే జబ్బు కాదు. ఏళ్ల తరబడి అదుపు తప్పితే కంటి రెటీనా, మూత్రపిండాలు, నరాలు, గుండె, పాదాలు దెబ్బతింటాయి. అందుకే ఒక రోగికి ఏడాదిలో చేయాల్సిన పనుల జాబితా పొడుగ్గా ఉంటుంది. కనీసం రెండుసార్లు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష), వచ్చినప్పుడల్లా బీపీ, ఏటా రెటీనా పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, కొలెస్ట్రాల్, నైలాన్ తంతువుతో పాదాల స్పర్శ పరీక్ష, వీటికి తోడు బరువు, ఆహారం, పొగతాగడం గురించిన సలహా. ఈ పనులన్నీ ఒకే గదిలో జరగవు.

మన దగ్గర ఒక రోగి మందు బిళ్లలు పీహెచ్‌సీలో తీసుకుంటాడు. రక్తపరీక్ష పట్నంలోని ప్రైవేటు ల్యాబులో చేయించుకుంటాడు. కళ్లు ఎప్పుడో జరిగిన కంటి శిబిరంలో చూపించుకుని ఉంటాడు. జ్వరం వస్తే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాడు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి మాత్రలు కొనుక్కుంటాడు. మూత్రపిండాలు బలహీనపడ్డాయన్న రిపోర్టు ఇంట్లో ప్లాస్టిక్ కవరులో ఉండిపోతుంది. నొప్పి మాత్ర అమ్మినవారికి ఆ సంగతి తెలియదు. ఇలా తెగిపోయిన సమాచారమే మధుమేహ సంరక్షణలో పెద్ద నష్టం.

అన్నిటినీ కలిపి చూసుకుంటే ఎంత లాభమో పరిశోధనలు చూపాయి. బ్రిటన్‌లో 5,102 మందితో సాగి 1998లో ఫలితాలు ప్రకటించిన యూకేపీడీఎస్ అధ్యయనంలో చక్కెరను గట్టిగా అదుపు చేసినప్పుడు సూక్ష్మ రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయి. డెన్మార్క్‌లో 160 మందిపై జరిగిన స్టెనో-2 అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. చక్కెర, బీపీ, కొలెస్ట్రాల్, జీవనశైలి అన్నిటినీ ఒకేసారి పట్టించుకుంటే గుండె, రక్తనాళాల ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుందని 2003లో నిరూపించింది. సమన్వయం అవసరమనే మాటకు వైద్యశాస్త్రపరమైన ఆధారం ఇదే.

చరిత్ర

కంప్యూటరు సాయంతో వైద్య నిర్ణయం తీసుకోవాలన్న ప్రయత్నం 1970ల నాటిది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తయారైన మైసిన్ అనే ప్రోగ్రాం ఇన్‌ఫెక్షన్లకు తగిన యాంటీబయాటిక్ సూచించేది. దాన్ని ఆసుపత్రుల్లో రోజువారీగా వాడలేదు గానీ, నిపుణుడి ఆలోచనను నియమాలుగా రాసి యంత్రానికి ఇవ్వవచ్చని అది చూపింది.

మధుమేహానికి రాతపూర్వక ప్రమాణాలను అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 1989 నుంచి రూపొందిస్తోంది. ఇప్పుడవి ఏటా కొత్తగా వస్తాయి. 2018 నుంచి, ముఖ్యమైన ఆధారం దొరికితే ఏడాది చివరిదాకా ఆగకుండా ఆన్‌లైన్ ప్రతిలోనే సవరిస్తున్నారు. అచ్చు పుస్తకానికి ఈ వీలు లేదు. ఇంగ్లండ్‌లో నైస్ సంస్థ, మన దేశంలో ఐసీఎంఆర్, మధుమేహ నిపుణుల సంఘం ఆర్‌ఎస్‌ఎస్‌డీఐ తమ మార్గదర్శకాలను ఆన్‌లైన్‌లో ఉంచాయి.

ఇదే కాలంలో దీర్ఘకాలిక జబ్బుల చికిత్స గురించిన ఆలోచన కూడా మారింది. 1990లలో అమెరికాలో ఎడ్వర్డ్ వాగ్నర్ బృందం ప్రతిపాదించిన దీర్ఘకాలిక సంరక్షణ నమూనాలో నిర్ణయ సహాయం, రోగుల సమాచార వ్యవస్థ, బృందంగా పని, రోగి స్వయం సంరక్షణ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఆ తర్వాత వచ్చిన ఆన్‌లైన్ సాధనాల్లో చాలావరకు ఈ నమూనాలోని ఏదో ఒక భాగాన్ని అందుకున్నవే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కాగితం మీది మార్గదర్శకాలను సాఫ్ట్‌వేర్‌లోకి తప్పుల్లేకుండా మార్చడానికి స్మార్ట్ గైడ్‌లైన్స్ అనే పద్ధతిని ముందుకు తెచ్చింది.

సాధనాల రకాలు

పనితీరును బట్టి వీటిని ఐదు రకాలుగా చూడవచ్చు.

మొదటిది, మార్గదర్శకాల వెబ్‌సైట్లు, యాప్‌లు. ఐసీఎంఆర్ 2019 నుంచి విడుదల చేస్తున్న ప్రామాణిక చికిత్సా క్రమాలు ఈ కోవలోవి. ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీలో, పీహెచ్‌సీలో ఏం చేయాలి, పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలి అన్నది బొమ్మగా గీసి ఉంటుంది.

రెండోది, స్థానిక సంరక్షణ మార్గాలు. ఇవి శాస్త్రం చెప్పేదానితో పాటు ఈ ప్రాంతంలో ఈ రోగిని ఎక్కడికి, ఏ చీటీతో, ఎంత తొందరగా పంపాలో చెబుతాయి.

మూడోది, రోగి రికార్డుకు జోడించిన నిర్ణయ సహాయం. రిపోర్టు అంకెలు లోపలికి రాగానే సూచనలు తెరపైకి వస్తాయి.

నాలుగోది, ఉమ్మడి రికార్డులు, రోగుల జాబితాలు. ఎవరికి ఏ పరీక్ష మిగిలింది, ఎవరు నెల దాటినా రాలేదు అన్నది వీటిలో కనిపిస్తుంది.

ఐదోది, దూరవైద్య వేదికలు. ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త రోగిని పక్కన కూర్చోబెట్టుకుని పట్నంలోని డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు ఇది.

కాంటర్‌బరీ నమూనా: హెల్త్‌పాత్‌వేస్

స్థానిక సంరక్షణ మార్గాలకు ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకొనేది న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని కాంటర్‌బరీ ప్రాంతం. ఆసుపత్రిలో నిపుణుల కోసం నిరీక్షణ జాబితాలు పెరిగిపోయిన రోజుల్లో, 2007లో అక్కడి ఆరోగ్య బోర్డు కాంటర్‌బరీ ఇనిషియేటివ్ పేరుతో కుటుంబ వైద్యులనూ ఆసుపత్రి నిపుణులనూ ఒకచోట కూర్చోబెట్టింది. ఒక్కో సమస్యను ముందు పెట్టుకుని, కుటుంబ వైద్యుడు ఎంతవరకు చూడాలి, అందుకు ఏ పరీక్షలు అతనికి నేరుగా అందాలి, ఏ దశలో నిపుణుడు తీసుకోవాలి అని మాట్లాడుకున్నారు. కుదిరిన ఒప్పందాలను రాసిపెట్టడానికి 2008లో హెల్త్‌పాత్‌వేస్ వెబ్‌సైటు మొదలైంది. దాని సాంకేతిక నిర్వహణ క్రైస్ట్‌చర్చ్‌లోని స్ట్రీమ్‌లైనర్స్ అనే సంస్థది.

ఈ పేజీలను రాసేది, సవరించేది చాలావరకు ప్రాక్టీసులో ఉన్న కుటుంబ వైద్యులే. నిపుణులు విషయాన్ని సరిచూస్తారు. రోగి ఎదురుగా కూర్చున్నప్పుడే చదవగలిగేంత క్లుప్తంగా ప్రతి పేజీ ఉంటుంది. ప్రమాద సూచనలు పైన, తర్వాత పరీక్ష, చికిత్స, చివర ఎవరికి ఎలా పంపాలన్న వివరం ఉంటాయి. వైద్యులకు లాగిన్ ద్వారా ఈ సైటు తెరుచుకుంటుంది. ప్రజల కోసం హెల్త్‌ఇన్ఫో అనే వేరే సైటు ఉంది. రోగిని పంపే అభ్యర్థనలను కూడా ఎలక్ట్రానిక్ పద్ధతిలోకి మార్చడంతో ఉత్తరాలు దారిలో పోవడం, అసంపూర్తి వివరాలతో తిరిగిరావడం తగ్గాయి.

2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్‌ను భూకంపం కుదిపేసింది. ఆసుపత్రి పడకలు తగ్గిపోయిన ఆ కష్టకాలంలో, అప్పటికే అలవాటైన కలిసి పనిచేసే పద్ధతి ఆదుకుంది. ఆ మార్పును లండన్‌లోని కింగ్స్ ఫండ్ సంస్థ 2013లో ఒక నివేదికగా వివరంగా నమోదు చేసింది.

తర్వాత ఈ నమూనా ఆస్ట్రేలియా, బ్రిటన్‌లకు పాకింది. వేరే ప్రాంతం దీన్ని తీసుకున్నప్పుడు పేజీలను ఉన్నవి ఉన్నట్టు పెట్టుకోదు. అక్కడి వైద్యులు మళ్లీ కూర్చుని తమ ఆసుపత్రులకు, తమ సౌకర్యాలకు తగ్గట్టు ప్రతి పేజీనీ మార్చుకుంటారు. న్యూ సౌత్ వేల్స్‌లోని హంటర్ న్యూ ఇంగ్లండ్ ప్రాంతం ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ డయాబెటిస్ అలయన్స్ అనే కార్యక్రమంలో నిపుణుల బృందమే కుటుంబ వైద్యుడి క్లినిక్‌కు వచ్చి, రోగిని అతనితో కలిసి చూస్తుంది. రోగికి చికిత్స అందుతుంది, కుటుంబ వైద్యుడికి తర్వాతి రోగిని తానే చూడగల నేర్పు వస్తుంది.

తెర మీద కనిపించేది

ఇలాంటి సాధనం పనితీరు రెండు ఉదాహరణల్లో స్పష్టమవుతుంది.

మొదటిది పాదం మీద పుండు. నైస్ మార్గదర్శకం ప్రకారం పుండుతో పాటు జ్వరం ఉన్నా, లోతైన ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉన్నా, కాలికి రక్తప్రసరణ దెబ్బతిన్నా, కుళ్లు మొదలైనా రోగిని వెంటనే ఆసుపత్రికి పంపాలి. మిగిలిన పుండ్లకు ఒక్క పనిదినం లోపు పాద సంరక్షణ బృందానికి కబురు వెళ్లాలి. పుస్తకంలో ఇంతవరకే ఉంటుంది. స్థానిక పేజీలో దీని కింద ఆ జిల్లాలో పాదాల క్లినిక్ ఏ ఆసుపత్రిలో ఉంది, ఏ రోజు తెరిచి ఉంటుంది, ఏ నంబరుకు ఫోను చేయాలి, పంపే ముందు ఏం రాయాలి అన్నది కూడా ఉంటుంది. పుండు మానకముందే కాలు తీసేయాల్సి రావడానికీ కాలు దక్కడానికీ మధ్య తేడా చాలాసార్లు కొన్ని రోజుల ఆలస్యమే. పంపాలని తెలిసీ ఎక్కడికి పంపాలో తెలియని డాక్టరుకు ఆ నాలుగు వరుసలే అసలు సహాయం.

రెండోది మూత్రపిండాల పనితీరు. మెట్‌ఫార్మిన్ వాడుతున్న ఒక రోగికి మూత్రపిండాల వడపోత శక్తిని చూపే ఈజీఎఫ్‌ఆర్ గత ఏడాది 52 ఉండి ఈసారి 41కి వచ్చిందనుకుందాం. రెండు రిపోర్టులనూ విడివిడిగా చూస్తే రెండూ కాస్త తక్కువే అనిపిస్తాయి. రికార్డుకు జోడించిన సాధనం వాటిని పక్కపక్కన పెడుతుంది. 45 కన్నా తగ్గింది కాబట్టి మెట్‌ఫార్మిన్ మోతాదు మళ్లీ చూడమంటుంది, 30 కన్నా తగ్గితే ఆపమంటుంది. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయలేదని గుర్తుచేస్తుంది. మూత్రపిండాలకు రక్షణ ఇచ్చే ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకం ఈ రోగికి తగునేమో ఆలోచించమంటుంది. నొప్పి మాత్రలు వాడుతున్నాడేమో అడగమంటుంది. మళ్లీ పరీక్షకు తేదీ వేస్తుంది. తుది నిర్ణయం డాక్టరుదే. గుర్తుంచుకోవాల్సిన భారం మాత్రం కొంత తగ్గుతుంది.

ఉమ్మడి రికార్డు: స్కాట్లాండ్

స్కాట్లాండ్ ఈ సమస్యను రికార్డు వైపు నుంచి పరిష్కరించింది. టేసైడ్ ప్రాంతంలో 1990లలో డార్ట్స్ పేరుతో మొదలైన రోగుల నమోదు క్రమంగా దేశవ్యాప్త వ్యవస్థగా ఎదిగింది. ఇప్పుడు ఎస్‌సీఐ-డయాబెటిస్ అనే ఉమ్మడి రికార్డులో కుటుంబ వైద్యుడు, ఆసుపత్రి, ల్యాబు, రెటీనా స్క్రీనింగ్ సమాచారం ఒకచోటికి చేరుతుంది. రోగులు తమ రిపోర్టులను తామే చూసుకోవడానికి 2008లో మై డయాబెటిస్ మై వే అనే వెబ్‌సైటు మొదలైంది.

భారతదేశంలో

జాతీయ స్థాయిలో అసంక్రమిత వ్యాధుల (ఎన్‌సీడీ) కార్యక్రమం 2010లో మొదలైంది. 30 ఏళ్లు దాటినవారందరికీ షుగరు, బీపీ, కొన్ని క్యాన్సర్ల పరీక్షలు చేయాలన్న లక్ష్యంతో 2018లో ఎన్‌సీడీ యాప్, పోర్టల్ వచ్చాయి. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి సీబీఏసీ అనే ప్రశ్నావళి నింపుతుంది. వయసు, నడుము కొలత, పొగాకు, మద్యం, వ్యాయామం, కుటుంబంలో ఎవరికైనా జబ్బు ఉందా అన్న ప్రశ్నలకు మార్కులుంటాయి. స్కోరు 4 దాటితే ఆ మనిషిని పరీక్షకు ముందుగా తీసుకురావాలి. తర్వాత ఏఎన్‌ఎం పరీక్ష చేస్తుంది, అవసరమైతే పీహెచ్‌సీ డాక్టరు పోర్టల్‌లో ఆ వివరాలు చూసి మందు మొదలుపెడతాడు. మూడు చేతులు మారినా వివరాలు ఒకటే ఉండాలన్నది దీని ఉద్దేశం.

2017 చివర్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఈ కార్యక్రమంలో పలుచోట్ల వాడిన సింపుల్ యాప్ పేరుకు తగ్గట్టే ఉంటుంది. రోగి చేతిలోని కార్డు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాత వివరాలు వస్తాయి, నర్సు ఆనాటి అంకెలు, మందులు నమోదు చేస్తుంది. రావాల్సిన రోజు దాటిపోయినవారి జాబితాను యాప్ తయారుచేస్తుంది, నర్సు వారికి ఫోను చేస్తుంది. బీపీతో మొదలై తర్వాత షుగరుకూ ఇది విస్తరించింది. సమన్వయం దృష్ట్యా ఈ ఫోను జాబితా ఎంతో విలువైనది. క్లినిక్‌కు వచ్చిన రోగి ఎలాగూ డాక్టరు కంటపడతాడు. రాని రోగిని వెతికేది ఈ జాబితా ఒక్కటే.

ఈ-సంజీవని దూరవైద్య సేవను మొహాలీలోని సీ-డాక్ రూపొందించింది. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కోరుకున్న ప్రతి వ్యక్తికీ 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తోంది. రోగి అనుమతితో ఒక ఆసుపత్రి రికార్డు ఇంకో ఆసుపత్రికి అందాలన్నది దాని లక్ష్యం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అనుభవం

స్మార్ట్‌ఫోన్లు చేతికి రాకముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ దిశగా ఒక అడుగు పడింది. 2007లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన 104 ఫోన్ సేవలో, సిబ్బంది కంప్యూటరు చూపిన ప్రశ్నల క్రమాన్ని అనుసరించి ఆరోగ్య సలహా ఇచ్చేవారు. తర్వాత వచ్చిన 104 వాహనాలు నెలకో రోజు ఊరికి వచ్చి షుగరు, బీపీ రోగులకు పరీక్షలు చేసి మందులు ఇచ్చేవి. 2019 నవంబర్‌లో ఈ-సంజీవనిని ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 2023లో ఆ రాష్ట్రంలో పూర్తిస్థాయిలో అమలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో పీహెచ్‌సీ డాక్టరే నెలకు రెండుసార్లు ఊరికి వచ్చే ఏర్పాటు జరిగింది. తెలంగాణలో 2018లో హైదరాబాద్ నారాయణగూడ కేంద్రంగా మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్, పీహెచ్‌సీలో తీసిన రక్త నమూనాను పెద్ద ల్యాబుకు చేర్చి రిపోర్టును ఆన్‌లైన్‌లో పంపే పద్ధతి తెచ్చింది.

పరిశోధన పరంగా మన నేల మీద జరిగిన ముఖ్యమైన ప్రయత్నం పశ్చిమ గోదావరి జిల్లాలోని స్మార్ట్‌హెల్త్ ఇండియా. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించిన ఈ అధ్యయనం 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో సాగింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లోని యాప్‌తో గుండె జబ్బు ముప్పు లెక్కగట్టి, ఎక్కువ ముప్పు ఉన్నవారిని డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు తెర మీద చికిత్స సూచనలు వచ్చేవి. ఇది ప్రధానంగా గుండె, రక్తపోటుకు సంబంధించినదే అయినా షుగరు రోగులకు కావలసిన గొలుసు ఇదే. ఆశాలు ఆ పనిని చక్కగా నేర్చుకున్నారు, వేలమందిని పరీక్షించారు. అయినా 2019లో ప్రచురించిన ఫలితాల్లో, బీపీ లక్ష్యాన్ని చేరినవారి నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

పరిశోధనలు తేల్చినవి

స్మార్ట్‌హెల్త్ ఫలితాన్ని ఒంటరిగా చూడకూడదు. దాని పక్కన మిగిలిన అధ్యయనాలనూ పెట్టాలి.

కెనడాలోని ఒంటారియోలో జరిగిన కంపీట్-2 అధ్యయనం 2009లో వెలువడింది. 46 మంది వైద్యుల దగ్గర చికిత్స పొందుతున్న 511 మంది రోగుల్లో ఒక వర్గానికి ఉమ్మడి వెబ్ పట్టికను, ఫోను ద్వారా గుర్తుచేసే ఏర్పాటును ఇచ్చారు. చేయాల్సిన పరీక్షలు సమయానికి జరగడం మెరుగుపడింది. అమెరికాలోని మిన్నెసోటాలో డయాబెటిస్ విజార్డ్ అనే సాధనాన్ని 11 క్లినిక్‌లలో 2,556 మంది రోగులపై పరీక్షించారు. 2011లో ప్రచురించిన ఆ ఫలితాల్లో హెచ్‌బీఏ1సీ 0.26 శాతం పాయింట్ల మేర అదనంగా తగ్గింది.

మనకు మరింత దగ్గరి ఆధారం కార్స్ అధ్యయనం. భారత్, పాకిస్తాన్‌లలోని 10 మధుమేహ క్లినిక్‌లలో 1,146 మంది రోగులు ఇందులో పాల్గొన్నారు. ఒక వర్గానికి మామూలు చికిత్స. రెండో వర్గానికి నిర్ణయ సహాయంతో కూడిన ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు, డాక్టరు కాని ఒక సమన్వయకర్తను కూడా ఇచ్చారు. ఆ సమన్వయకర్త రోగికి ఫోను చేసి అంకెలు కనుక్కునేవారు, రికార్డులో రాసేవారు, సూచనలను డాక్టరు ముందు ఉంచేవారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం చక్కెరతో పాటు బీపీ లేదా చెడు కొలెస్ట్రాల్ లక్ష్యాలను కలిపి చేరినవారు రెండో వర్గంలో 18.2 శాతం, మొదటి వర్గంలో 8.1 శాతం.

హర్యానా, కర్ణాటకలలోని 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో 3,698 మందిపై జరిగిన ఎంవెల్‌కేర్ అధ్యయనం 2019లో మరోలా తేలింది. నర్సుల చేతికి ట్యాబ్ ఇచ్చిన కేంద్రాల్లో బీపీ, చక్కెర రెండూ మెరుగుపడ్డాయి. కానీ ట్యాబ్ లేకుండా సిబ్బందికి మంచి శిక్షణ మాత్రం ఇచ్చిన కేంద్రాల్లోనూ దాదాపు అంతే మెరుగుదల కనిపించింది.

వీటిని కలిపి చదివితే వచ్చే అర్థం విలువైనది. సాధనంతో పాటు రోగిని పేరుపేరునా పట్టించుకునే మనిషిని నియమించిన చోట ఫలితం రెట్టింపైంది. సాధనాన్ని ఉన్న వ్యవస్థ మీద అదనంగా పెట్టిన చోట దాని వంతు లాభం స్వల్పంగా ఉంది, లేదా తెలియకుండా పోయింది. శిక్షణ, మందుల సరఫరా, తిరిగి పిలిచే ఏర్పాటు ఇవన్నీ చికిత్సలో భాగాలే. యాప్ వాటిలో ఒకటి.

స్థానికతకు తగ్గ మార్పులు

ఒక దేశంలో తయారైన సాధనం ఇంకో దేశంలో అలాగే వాడితే పొరపాట్లకు తావుంటుంది. మొదటి తేడా కొలమానాల్లో ఉంది. మన ల్యాబులు రక్తంలో చక్కెరను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో రాస్తాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లీటరుకు మిల్లీమోల్స్‌లో రాస్తాయి. అక్కడి 7 మన 126కు సమానం, పరగడుపు పరీక్షలో మధుమేహం నిర్ధారించే అంకె అది. ఆ దేశాల్లో స్థిరపడిన తెలుగువారు సెలవుల్లో వచ్చి ఇక్కడి డాక్టరుకు రిపోర్టు చూపించినప్పుడు, ఇక్కడి తల్లిదండ్రుల రిపోర్టులు అక్కడి పిల్లలకు వాట్సాప్‌లో వెళ్లినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

రెండోది శరీర కొలతలు. యూరోపియన్లకు బీఎంఐ 25 దాటితే అధిక బరువుగా లెక్కిస్తే, భారతీయులకు 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి. పాశ్చాత్య పరిమితితో నడిచే యాప్ మన దగ్గర ముప్పు ఉన్నవారిని వదిలేస్తుంది.

మూడోది జీవన విధానం. రంజాన్ ఉపవాసాలకు ముందే ముప్పు అంచనా వేసి మందుల వేళలు, మోతాదులు మార్చడానికి అంతర్జాతీయ మార్గదర్శకం ఉంది. హైదరాబాద్ పాతబస్తీలోని క్లినిక్‌కు అది అవసరమైన పేజీ. గర్భిణుల షుగరుకు జాతీయ మార్గదర్శకం, తిన్నారా లేదా అన్నదానితో పని లేకుండా 75 గ్రాముల గ్లూకోజు ఇచ్చి రెండు గంటల తర్వాత చూడమంటుంది. 140 లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహం. ప్రసవమైన ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలి, ఎందుకంటే ఆ తల్లికి మున్ముందు షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. మన దగ్గర గొలుసు తెగేది ఇక్కడే. తొలి నెలల్లో చూసిన ఏఎన్‌ఎం అత్తగారి ఊళ్లో ఉంటుంది, కాన్పు పుట్టింటి దగ్గరి ఆసుపత్రిలో జరుగుతుంది, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక తల్లి తిరిగి అత్తగారింటికి వస్తుంది. ఆరు వారాల పరీక్ష తేదీ ఇద్దరు ఏఎన్‌ఎంలకూ కనిపించే సాధనం ఉంటేనే ఆ పరీక్ష జరుగుతుంది.

పరిమితులు, జాగ్రత్తలు

సూచనలు మరీ ఎక్కువైతే డాక్టరు వాటిని చదవడం మానేస్తాడు. ముఖ్యమైన హెచ్చరిక కూడా వాటితో పాటే కొట్టుకుపోతుంది. అందుకే మంచి సాధనం తక్కువ మాట్లాడుతుంది. పేజీ మీద చివరిసారి ఎప్పుడు సవరించారో, ఎవరు బాధ్యులో ఉండాలి. మందుల గురించిన సలహా నాలుగైదేళ్లలోనే మారిపోయే రంగం ఇది. తప్పు అంకె లోపలికి వెళితే తప్పు సలహా బయటికి వస్తుంది, కాబట్టి గ్లూకోమీటరు సరిగా ఉందో లేదో చూడటం కూడా సమన్వయంలో భాగమే.

ఒకే వివరాన్ని రిజిస్టరులో ఒకసారి, ఒక యాప్‌లో ఒకసారి, ఇంకో పోర్టల్‌లో మరోసారి రాయాల్సి వస్తే నష్టపోయేది ఏఎన్‌ఎం, ఆశాల సమయమే. వారి సమయం తగ్గితే రోగికి దక్కే మాట తగ్గుతుంది. నెట్ అందని తండాలు, ఏజెన్సీ గూడేల్లో ఆఫ్‌లైన్‌లో పనిచేసి తర్వాత వివరాలు పంపే వీలుండాలి. తెలుగులో లేని యాప్ ఆశా కార్యకర్త చేతిలో సగమే పనిచేస్తుంది.

జనరేటివ్ ఏఐ ఆధారిత సాధనాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. అవి నమ్మకంగా తప్పు చెప్పగలవు. ఇన్సులిన్ మోతాదు లాంటి చోట ఆ తప్పు ప్రాణం మీదికి తెస్తుంది. ఆధారం చూపని సలహాను చికిత్సగా తీసుకోకూడదు. రెటీనా ఫొటోలను చదివే కృత్రిమ మేధ సంగతి కొంత వేరు. స్పష్టమైన ఒక్క పనికి పరిమితమై, విడిగా పరీక్షకు నిలిచిన ఐడీఎక్స్-డీఆర్ వ్యవస్థకు అమెరికా 2018లో అనుమతి ఇచ్చింది. అక్కడ కూడా ఫొటోలో సమస్య తేలినవారికి లేజర్ చికిత్స అందించే ఆసుపత్రి ఉండాలి.

గోప్యత, చట్టం

దూరవైద్యానికి మన దేశంలో 2020 మార్చిలో విడుదలైన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం యాంత్రిక సాధనం డాక్టరుకు సాయపడవచ్చు, తానుగా రోగికి మందు రాయకూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. షుగరు ఉందన్న సమాచారం పెళ్లి సంబంధాల నుంచి బీమా దాకా మనిషి జీవితాన్ని తాకుతుంది. ఎవరు చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో రోగికి తెలుగులో, అర్థమయ్యేలా చెప్పి అనుమతి తీసుకోవాలి. ఇంటి ముందు నిలబడి ట్యాబ్‌లో వివరాలు రాసేటప్పుడు ఇరుగుపొరుగు వినకుండా చూసుకోవడమూ గోప్యతే.

రోగి, కుటుంబం

ఏడాదిలో డాక్టరు ఎదుట రోగి గడిపేది కొద్ది నిమిషాలు. మిగతా కాలమంతా చికిత్స ఇంట్లోనే సాగుతుంది. కాబట్టి రోగికి చేరని మార్గదర్శకం అసంపూర్ణం. తన హెచ్‌బీఏ1సీ ఎంతో, లక్ష్యం ఎంతో, తర్వాతి కంటి పరీక్ష ఏ నెలలోనో రోగికి తెలియాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఏ మాత్ర ఆపాలో, ఏది ఆపకూడదో ముందే రాసి ఇవ్వాలి. చదువు రాని పెద్దలకు కొడుకో కోడలో మనవరాలో ఆ సందేశం చదివి చెబుతారు. సాధనం రూపొందించేవారు ఆ మూడో మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సమన్వయానికి కావలసినవి

కాంటర్‌బరీ నుంచి పశ్చిమ గోదావరి దాకా వచ్చిన అనుభవం ఒక జిల్లా వైద్యాధికారికి స్పష్టమైన క్రమం చెబుతోంది. ముందు పీహెచ్‌సీ డాక్టర్లను, జిల్లా ఆసుపత్రి నిపుణులను, కంటి ఆసుపత్రి వారిని, ఏఎన్‌ఎంలను, ఆశాలను ఒకచోట కూర్చోబెట్టి ఎవరి పని ఎక్కడిదాకా అన్నది తేల్చాలి. ఆ ఒప్పందాన్ని తెలుగులో, తేదీతో, బాధ్యుల పేర్లతో ఆన్‌లైన్‌లో పెట్టాలి. మందులు, హెచ్‌బీఏ1సీ పరీక్ష పీహెచ్‌సీలోనే ఏడాది పొడవునా దొరకాలి. రావాల్సిన రోజు దాటిన ప్రతి రోగికీ ఫోను చేసే బాధ్యతను ఒక మనిషికి అప్పగించి, ఆ పనికి జీతం ఇవ్వాలి. పెద్దాసుపత్రికి పంపిన రోగి గురించి తిరుగు జవాబు పంపినవారికి చేరాలి. ఏడాదికోసారి లెక్క చూసుకోవాలి. ఎంతమంది షుగరు అదుపులో ఉంది, ఎంతమంది కళ్లు, పాదాలు చూశాం, ఎవరిని పోగొట్టుకున్నాం అన్నవే ఆ లెక్కలో ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పగల జిల్లాలో కాళ్లు తీసేయడం, చూపు పోవడం, డయాలిసిస్ దాకా వెళ్లడం తగ్గుతాయి. ఏ సాధనాన్నైనా తూచాల్సింది ఆ ఫలితంతోనే.